పాలు మాన్పిన పంది పిల్లలకు పీచు పెట్టాల్నా వద్దా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వరంగల్, జనగామ, పరకాల దిక్కు పందుల షెడ్లకు పోతే నన్ను ఎక్కువ అడిగే మాట ఇదే, "సార్, తల్లి నుంచి విడగొట్టినంక పిల్లలు పారుకుంటున్నయి, దాణాల తవుడు బంద్ పెట్టాల్నా?" అని. ఇంకో దిక్కు యూట్యూబ్ చూసి "ఫైబర్ పెడితే మందులే అక్కర్లేదట గదా" అనేటోళ్లు కూడా మోపైన్రు. రెండూ తప్పే.

అపోహ: పీచు అంటే వేస్ట్, పిల్లకు అరగదు, బరువు పెరగదు.

వాస్తవం: సగం నిజం. పంది ఒంట్లో ఊరే ఎంజైములు పీచును అరిగించలేవు, కానీ పెద్దపేగుల ఉండే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారు చేస్తయి, అందులో బ్యుటిరేట్ అనేది పెద్దపేగు గోడ కణాలకు మెయిన్ ఆహారం. కరగని పీచు పని వేరే, మేతను పేగులల్ల నిల్వ ఉండనీయకుండ ముందుకు నెడుతది, దాంతో పారుడు తెచ్చే ఈ.కోలి అనే క్రిమి పేగు గోడకు అతుక్కునుడు తగ్గుతది. 100 కిలోల దాణాకు 4-5 కిలోల గోధుమ పొట్టు వేస్తే మొదట్ల చాలు, అది కూడా ముతకగానే ఉండాలె, మర పట్టించి పిండి చేస్తే అంత పని చెయ్యదు. మంచిదే గదా అని ఇంకా పోసుకుంట పోతే పిల్ల కడుపెంత చెప్పండి, పొట్టుతోనే నిండిపోయి ఎనర్జీ చాలదు, అప్పుడు బరువు పెరగదన్న మాట నిజమే అయితది.

అపోహ: పారుడుకు కారణం తవుడే.

వాస్తవం: పాలు మానుడే అసలు దెబ్బ. పాలల్ల వచ్చే యాంటీబాడీలు ఒక్కసారిగా ఆగిపోతయి. పాలల్ల ఉండే లాక్టోజ్ పులిసి కడుపుల లాక్టిక్ ఆమ్లం తయారయ్యేది, అది పోయినంక పిల్ల సొంత ఆమ్లం సరిపోదు, క్రిములు చావకుండ పేగులకు దిగుతయి. పైగా తల్లి కోసం అరుసుకుంట పిల్ల సరిగ్గ తినదు, ఆ కొద్ది రోజుల్లనే చిన్నపేగు లోపలి నూగు లాంటి విల్లైలు పొట్టిగై పోతయి, తర్వాత ఆకలి మీద ఒక్కసారే మెక్కితే అరగని మేతంత పెద్దపేగుకు పోతది. అందులో ప్రొటీన్ ఎక్కువుంటే చెడ్డ బ్యాక్టీరియాకు పండుగే, అమ్మోనియా గిట్ల తయారై పేగు ఇంకా పాడైతది. మనోళ్లేమో తొందరగ పెరగాలని సోయా, పల్లి చెక్క దండిగ కలిపి 22-23 శాతం ప్రొటీన్ చేస్తరు, నింద మాత్రం తవుడు మీద! ప్రొటీన్‌ను 18 శాతం దగ్గరకు దించి లైసిన్, మెథియోనిన్, త్రియోనిన్ అనే అమైనో ఆమ్లాలు కలుపుకుంటే పారుడు తగ్గుతది. 28 రోజులకే విడగొట్టేటోళ్లకు ఈ బాధ ఎక్కువ, 6-8 వారాలు తల్లి కిందనే ఉంచేటోళ్లకు తక్కువ. ఎట్లున్నా రెండో వారం నుంచే పిల్లలకు కొంచెం కొంచెం దాణా అలవాటు చెయ్యండి.

అపోహ: ఏ పొట్టయినా ఒకటే, చవుకగ దొరికింది కొనుక్కోవచ్చు.

వాస్తవం: అన్నిటికంటె ఎక్కువ నష్టం ఇక్కడనే. మన దిక్కు రైస్ మిల్లులకు కొదవ లేదు, తవుడు దొరుకుడు ఈజీ, కానీ చిన్న హల్లర్ మిల్లు తవుడుల ఊక బాగా కలుస్తది. ఊకంటే సిలికా, లిగ్నిన్, పేగుల బ్యాక్టీరియా కూడా దాన్ని ఏం చెయ్యలేదు. అరచేతుల వేసి రుద్ది చూడండి, గరుకుగ గుచ్చుకుంటే ఊక కలిసినట్టే. నూనె తియ్యని పచ్చి తవుడైతే మరబట్టిన కొద్ది రోజులకే ముక్క వాసన వస్తది, అది పిల్లలకు పెట్టొద్దు. నూనె తీసిన తవుడు నిల్వ ఉంటది గని అదీ పిల్లలకు కొంచెమే. ఇగ కరిగి జిగురయ్యే పీచు సంగతి వేరే. ఆస్ట్రేలియాల ఉడికించిన అన్నం మీద పెంచి చూస్తే పిల్లల్ల పారుడు తగ్గింది, అదే అన్నంల గోరుచిక్కుడు గింజల గమ్ లాంటి జిగురు కలిపితే పేగుల ఈ.కోలి పెరిగింది. అందుకే మొదటి వారం పది రోజులు ఉడికించిన నూకలు, మక్క పిండి, కొంచెం ముతక పొట్టు, గింతే. గోరుచిక్కుడు కోర్మా (గమ్ తీసినంక మిగిలే గింజల దాణా) చవుక అని ఈ వయసుల పెట్టకండి.

అపోహ: బస్తా మీద క్రూడ్ ఫైబర్ 5 శాతం అని ఉంది, ఇంక చూసేదేముంది?

వాస్తవం: ఆ టెస్టుల కరిగే పీచు లెక్కకే రాదు. అంకె ఒకటే ఉన్నా రెండు బస్తాలు పేగుల వేరే వేరే పని చెయ్యొచ్చు. ఏమేం కలిపిన్రో అడగండి, చెప్పకపోతే ఇంకో కంపెనీ చూసుకోండి.

అపోహ: ఫైబర్ ఉంటే మందులక్కర్లేదు, లేదంటే దాణాల జింకో, కొలిస్టిన్ అనే యాంటీబయోటికో కలిపితే అయిపాయె.

వాస్తవం: ఎక్కువ డోసు జింక్ ఆక్సైడ్‌ను 2022 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్ ఆపేసింది, పెంటతోని నేలల పేరుకుంటదని, మందులకు లొంగని క్రిములు పెరుగుతయని. కొలిస్టిన్‌ను మన దేశంల పశువులకు, దాణాకు 2019లనే నిషేధించిన్రు, ఇంకా ఎవరన్న అంటగడుతుంటే తీసుకోకండి. పీచు అయితే పారుడు రాకుండ కొంత కాపాడుతది గని వచ్చినంక మందు కాదు. పిల్ల నీళ్ల లెక్క పారుకుంట కండ్లు గుంతలు పడ్డయంటే ముందు ఓఆర్ఎస్ తాపి, చలి తగలకుండ పొడి గడ్డి మీద పండబెట్టి, అదే పూట పశువుల దవాఖానకు తీసుకపోండి, పొట్టు ఎంత కలపాల్నో తర్వాత మాట్లాడుకుందాం.