మణికొండ జాగీర్: గేటు వెనక 1,654 ఎకరాల తగాదా

హైదరాబాద్ పడమటి వైపునున్న మణికొండలు రెవెన్యూ రికార్డుల్లో రెండున్నాయి: మణికొండ ఖల్సా, మణికొండ జాగీర్. నిజాం కాలంలో ఖల్సా ఊళ్ల శిస్తు నేరుగా సర్కారు ఖజానాకు పోయేది, జాగీర్ ఊళ్ల శిస్తు జాగీర్ ఎవరికిస్తే వాళ్లకి. లాంకో హిల్స్ అనే గేటెడ్ కాలనీ టవర్లు లేచింది జాగీర్ మణికొండలో.

ఆ జాగీర్ హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా సేవకు ఇచ్చింది. ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ సాగర్ కట్టించిన సూఫీ ఆయన. సుల్తానుకు అల్లుడని కూడా చెబుతారు. పాత ముంబై రోడ్డు పక్కన దర్గా ఇప్పటికీ ఉంది, ఏటా ఉర్సు జరుగుతుంది.

పోలీసు చర్య తర్వాత 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. జాగీర్లు సర్కారులో కలిశాయి, జాగీర్‌దార్లకు నగదు పరిహారం. మరి దేవుడి పేరు మీదున్న జాగీర్ల సంగతేమిటి? అసలు తగాదా ఇక్కడే. దర్గాకు ఇచ్చింది శిస్తు మీద హక్కా, నేల మీద హక్కా అన్నది అప్పుడే గట్టిగా తేల్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ ఆ రోజుల్లో ఇక్కడున్నవి బండరాళ్లు, సీతాఫలం పొదలు. ఎవరికి పట్టింది?

1989 ఫిబ్రవరిలో వక్ఫ్ (ముస్లిం ధార్మిక ఆస్తుల) గెజిట్‌లో దర్గా పేరిట ఎక్కింది 5,506 చదరపు గజాలు, అంటే ఎకరం ఐదున్నర గుంటలు. తర్వాత ఐటీ వచ్చింది. ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్, ఉర్దూ విశ్వవిద్యాలయం, ఇన్ఫోసిస్, విప్రో, మైక్రోసాఫ్ట్, ఎమ్మార్ గోల్ఫ్ విల్లాలు అన్నీ ఈ చుట్టుపక్కలే భూములు పొందాయి. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ ద్వారా సుమారు 100 ఎకరాలు లాంకోకు వెళ్లాయి. 2006 మార్చిలో వక్ఫ్ బోర్డు ‘సవరణ’ పేరుతో మరో నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో విస్తీర్ణం 1,654 ఎకరాల 32 గుంటలు! ఎకరం చిల్లర నుంచి ఒక్క గెజిట్‌తో ఊరంతా వక్ఫ్ అయిపోయింది. బోర్డు వాదనకు పాత పత్రాల్లో ఆధారం కొంత ఉన్నా, ఈ పద్ధతి మాత్రం దాని కేసునే బలహీనం చేసిందని నాకనిపిస్తుంది.

2012లో హైకోర్టు ఆ నోటిఫికేషన్‌ను నిలబెట్టింది. ఆ తర్వాత పదేళ్లు కేసు సుప్రీంకోర్టులో నడిచింది. గేటు లోపల ఫ్లాట్లు కొన్నవాళ్లు ఈఎంఐలు కడుతూనే ఉన్నారు. కింద నేల ఎవరిదో తెలియకుండా పదిహేనో అంతస్తులో కాపురం! ఈలోగా మాతృసంస్థ లాంకో ఇన్‌ఫ్రాటెక్ దివాలా ప్రక్రియలో పడి, 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది.

2022 ఫిబ్రవరి 7న జస్టిస్ హేమంత్ గుప్తా, జస్టిస్ వి. రామసుబ్రమణియన్‌ల ధర్మాసనం హైకోర్టు తీర్పును కొట్టేసింది. జాగీర్ రద్దుతోనే భూమి రాష్ట్ర ప్రభుత్వానికి దఖలు పడిందనీ, సర్వే, విచారణ లేకుండా సవరణతో విస్తీర్ణం పెంచడం చెల్లదనీ చెప్పింది. ప్రభుత్వం ఈ నేలను ఎవరికి, ఏ ధరకు, ఎందుకు ఇచ్చిందన్నది వేరే ప్రశ్న. భూమి ఎవరిదన్న తగాదాలో పడి ఇన్నేళ్లూ దాన్ని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.