రేకు ఎక్కని సంగీతం రికార్డూ ఎక్కలేదు

మొన్న ఆదివారం కడపలో మా వయొలిన్ సార్ ఇంటికి పోయి ఫోన్‌లో ఒక రికార్డింగ్ పెట్టినా, రెబెక్కా క్లార్క్ అని ఇంగ్లాండ్ ఆమె, 1919లో వయోలాకీ (వయొలిన్ కంటే కొంచెం పెద్దది) పియానోకీ రాసిన సొనాటా అనే పెద్ద రచన. పియానో ఒక్క కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) పట్టుకొని నిలబడిపోతే దాని మీద వయోలా గొంతెత్తి పిలిచినట్టు మొదలవుతుంది, అచ్చం శ్రుతి పెట్టుకొని ఆలాపన అందుకున్నట్టే. సార్ కళ్లు మూసుకొని అంతా విని "ఇన్నేండ్లు యాడ దాచిపెట్టినారమ్మా దీన్ని" అన్నారు. ఆడవాళ్లు రాసిన ఛాంబర్ మ్యూజిక్ ఎందుకు దాగిపోయిందో, ఆ మాట మీదనే ఇదంతా రాస్తున్నా.

ఛాంబర్ మ్యూజిక్ అంటే ఇద్దరో ముగ్గురో నలుగురో ఒక గదిలో కూర్చొని వాయించేది, కండక్టర్ ఉండడు, మన కచేరీలో లాగానే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పోతారు. తేడా ఏందంటే మనకి కీర్తన గురువు నోటి నుంచి వస్తుంది, వాళ్లకి ఒక్కో వాయిద్యానికి ఒక్కో కాగితం కావాలి, కాగితం లేకపోతే వాయించేవాళ్లు లేరు, వాయించేవాళ్లు లేకపోతే రికార్డూ లేదు. ఆ కాలంలో అక్కడ నోట్స్‌ని లోహపు రేకుల మీద చెక్కి అచ్చు వేసేవాళ్లు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో పెట్టబట్టే కదా అన్నమయ్య కీర్తనలు మనకి మిగిలినాయి, తాళ్లపాక దగ్గరోళ్లకి ఇది వేరే చెప్పాలా. ఆడవాళ్ల సంగీతం ఆ రేకు దాకా పోవడమే గగనమైంది.

జర్మనీ కంపోజర్ ఫ్యానీ మెండెల్సన్ సంగతే చూడండి. 1805లో పుట్టింది, తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న తమ్ముడు ఫెలిక్స్‌తో పాటే, అదే గురువు దగ్గరే నేర్చుకుంది. 1820లో వాళ్ల నాయన ఉత్తరం రాసినాడు, సంగీతం మీ తమ్ముడికి వృత్తి కావచ్చేమో గానీ నీకు మాత్రం ఎప్పటికీ అలంకారమే అని. ఆమె పాటలు ఆరు తమ్ముడి పేరు మీద అచ్చయినాయి, అందులో ఒకటి విక్టోరియా రాణికి ఇష్టమని తెలిసి, అది మా అక్కదని ఆయనే ఒప్పుకోవాల్సి వచ్చింది. 1834లో స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వయోలా, సెల్లో కలిసి వాయించేది) రాస్తే, దాని నిర్మాణం సరిగ్గా లేదని తమ్ముడే తప్పుబట్టినాడు, ఆమె మళ్లీ ఇంకో క్వార్టెట్ రాయనేలేదు. నాకు దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చివరికి 1846లో ధైర్యం చేసి తన పేరుతో అచ్చు వేయించడం మొదలుపెట్టింది, మరుసటి ఏడాదే 41 ఏళ్లకి పోయింది. ఆమె పియానో ట్రియో (పియానో, వయొలిన్, సెల్లో కలిసి వాయించేది) అచ్చయింది 1850లో, ఆ క్వార్టెట్ అయితే 1980ల దాకా ఆగాల్సి వచ్చింది.

పారిస్‌లో లూయీజ్ ఫారెంక్ అనే కంపోజర్ 1842 నుంచి కన్సర్వేటరీ అనే సంగీత కాలేజీలో ప్రొఫెసర్, మగ ప్రొఫెసర్ల కంటే జీతం తక్కువ, 1850లో తొమ్మిది వాయిద్యాల నోనెట్ అనే రచనకి మంచి పేరు వచ్చినాక గట్టిగా అడిగి సమానం చేయించుకుంది. ఆమె అంటే నాకు చాలా గౌరవం.

అచ్చయినవన్నీ బతికినాయా అంటే అదీ లేదు. జర్మనీ పియానిస్ట్ క్లారా షూమాన్ రాసిన ట్రియో 1847లోనే అచ్చయింది, క్లార్క్ సొనాటా 1921లో అయింది. కానీ రికార్డుల కాలం వచ్చేసరికి పాత 78 ప్లేటుకి (నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు) ఒక వైపు నాలుగు నిమిషాలే, క్లారా ట్రియో దాదాపు అరగంట, అంటే నాలుగు ప్లేట్లు పట్టేది. అంత ఖర్చు పెట్టేటప్పుడు కంపెనీ అమ్ముడుపోయే బీథోవెన్ వైపే చూస్తుంది. అమెరికా ఆమె రూత్ క్రాఫర్డ్ 1931లో రాసిన క్వార్టెట్‌లో 1930ల్లో ప్లేటెక్కింది నెమ్మది భాగం ఒక్కటే. 1948లో ఎల్‌పీ అనే ఎక్కువసేపు మోగే రికార్డు వచ్చి ఒక వైపు ఇరవై నిమిషాలు పట్టినా, కంపెనీల ఆ అలవాటు మాత్రం ఊరికే పోలేదు. మార్నీ హాల్ అనే వయొలినిస్ట్ 1977లో ఆడవాళ్ల సంగీతం కోసం లియోనార్డా అని లేబులే పెట్టింది, 1986లో జర్మనీలో ఆడవాళ్ల రచనలే అచ్చేసే ఫూరోరే అనే ప్రెస్ వచ్చింది. అట్లా రికార్డు, కాగితం రెండూ ఒకదాని వెనక ఒకటి కదిలినాయి.

క్లార్క్ కథ ఇంకొంచెం ఉంది. 1919లో అమెరికాలో జరిగిన పోటీలో ఆమె సొనాటాకీ ఎర్నెస్ట్ బ్లాక్ రాసినదానికీ ఓట్లు సమానమైనాయి, పోటీ పెట్టిన కూలిడ్జ్ అనే ఆమె ఓటుతో బహుమతి బ్లాక్‌కి పోయింది. ఆడమనిషి ఇంత రాయగలదా, ఇది మారుపేరేమో అని కూడా కొందరన్నారు. 1976లో న్యూయార్క్ రేడియో ఆయన ఒకాయన ఒక పియానిస్ట్ గురించి అడుగుదామని ఈ ముసలామె దగ్గరికి పోతే, మాటల్లో ఈమే కంపోజర్ అని తెలిసింది, 90వ పుట్టినరోజుకి ఆమె సంగీతంతోనే ప్రోగ్రాం చేసినాడు. 1979లో ఆమె పోయింది.

వినాలనుకుంటే ముందు క్లారా ట్రియోలో మూడో భాగం వినండి, పియానో మొదలుపెట్టిన రాగాన్ని వయొలిన్ అందుకుంటుంది, మధ్యలో కొంచెం గడబిడ, తర్వాత అదే రాగం సెల్లో చేతికి వస్తుంది, అక్కడ ఒక్కసారి ఆగండి. తర్వాత ఫ్యానీ క్వార్టెట్. వెతికేటప్పుడు మెండెల్సన్ అని కొడితే అంతా తమ్ముడే వస్తాడు, ఫ్యానీ హెన్సెల్ అని ఆమె పెండ్లయినాక పేరు కొట్టండి.