కిరాణా కొట్టా, ఇంటికి డెలివరీనా? ఒక కొట్టు యజమాని చెప్పే అపోహలు - వాస్తవాలు

మాది హైదరాబాద్‌లో ఒక కాలనీ కిరాణా కొట్టు. వచ్చినవాళ్ళకు తూచి ఇస్తాం. ఫోనులో చీటీ పంపినవాళ్ళకు కట్టి ఇంటికి చేరుస్తాం. రెండు పనులూ మా చేతుల మీదుగానే జరుగుతాయి కాబట్టి, రెండింటి గురించీ జనంలో నాటుకుపోయిన నమ్మకాలు రోజూ నా చెవిన పడతాయి. కొట్టుకు వెళ్తేనే మంచి సరుకు దొరుకుతుందని ఒకరు, తిరగడం దండగ, ఫోనులో నొక్కితే చాలని ఒకరు. నేను మాత్రం ఒక్కటే చూస్తాను: ఆ సరుకును ఏరిన చేయి ఎవరిది, ఆ చేతికి మీ వంట సంగతి ఎంత తెలుసు? కింద రాసినవన్నీ ఆ లెక్కతో చూసినవే.

అపోహ: ఇంటికి సరుకులు పంపడం యాప్‌లతో వచ్చిన కొత్త అలవాటు.

కిరాణా కొట్లు ఉన్నప్పటి నుంచీ ఈ పని ఉంది. నెల మొదట్లో చీటీ వచ్చేది, కుర్రాడు సైకిల్ మీద బస్తా వేసుకుని వెళ్ళేవాడు, లెక్క ఖాతా పుస్తకంలో పడేది. ఇంటర్నెట్‌లో సరుకులు అమ్మడం కూడా నిన్న మొన్నటిది కాదు. 2011లో బిగ్‌బాస్కెట్ పెట్టినవాళ్ళు 1999లోనే ఫ్యాబ్‌మార్ట్ అనే ఆన్‌లైన్ దుకాణం నడిపారు.

నిజంగా కొత్తది ఏమిటంటే, జనం అడుగుపెట్టని గోదాము. డార్క్ స్టోర్ అంటారు. మీ ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల లోపు ఒక షట్టరు వెనుక వేలాది సరుకులు అరల్లో పేర్చి ఉంటాయి. ఎక్కువగా అమ్ముడుపోయేవి ప్యాకింగ్ బల్లకు దగ్గరగా ఉంటాయి. ఏ అరలో ఏముందో తెర మీద నంబరు చూపిస్తుంది. పది నిమిషాల్లో సరుకు ఎలా వస్తోందని అడిగేవాళ్ళకు జవాబు చాలావరకు ఇదే. దూరం తక్కువ, వెతుకులాట లేదు. బండి నడిపే అబ్బాయి ప్రాణాలకు తెగించి రావలసిన పని లేదు, దయచేసి అతన్ని ఫోనులో తొందరపెట్టకండి.

అసలు తేడా ఏరేవాళ్ళ దగ్గర ఉంది. మా కొట్టులో చీటీ కట్టే మనిషికి ఆ ఇల్లు తెలుసు. ఆ ఇంట్లో పెద్దాయనకు పళ్ళు లేవు కాబట్టి మెత్తగా ఉడకని పాత కందిపప్పు పనికిరాదని తెలుసు. డార్క్ స్టోర్‌లో ఏరే మనిషికి కనిపించేది సరుకు పేరు, అర నంబరు, ఎన్ని అన్నది. అది ఆ మనిషి లోపం కాదు, ఆ పని కట్టడే అలాంటిది. అందుకే ఎవరు ఏరినా ఒకేలా ఉండే సరుకుకు అది చక్కగా సరిపోతుంది. ఉప్పు ప్యాకెట్, సబ్బు, టీ పొడి, ఫలానా కంపెనీ నూనె, వీటిని కొట్టుకు వచ్చి తడిమి చూసి కొనాల్సిన అవసరం లేదు. నా కొట్టుకు గిరాకీ తగ్గినా ఇదే చెబుతాను.

అపోహ: యాప్‌లో వచ్చే కూరగాయలు నిలవ ఉంచినవి, బయట కొన్నవే తాజావి.

ఇది సగం నిజం కూడా కాదు. హైదరాబాద్‌లో చిన్న దుకాణాలకు, బండ్లకు వచ్చే కూరగాయల్లో పెద్ద వాటా బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్ లాంటి మార్కెట్ల నుంచే వస్తుంది. డెలివరీ కంపెనీల్లో కొన్ని ఊళ్ళలో సేకరణ కేంద్రాలు పెట్టుకుని రైతుల దగ్గరే కొంటాయి. కాబట్టి ఎవరి సరుకు ముందు తెంపినదో పేరు చూసి చెప్పలేం. ఎంత త్వరగా అమ్ముడవుతోంది, ఎలా నిలవ చేశారు అన్నవే తేలుస్తాయి. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబడిన బండి మీది తోటకూర కంటే చల్లటి గదిలో ఉంచిన కట్ట నయం. ఉదయం ఏడింటికి అదే బండి మీద కొంటే మాట వేరు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం గ్రేడు. డెలివరీకి వెళ్ళే టమాటా గట్టిగా, ఒకే సైజులో, మందపాటి తోలుతో ఉండాలి, లేకపోతే దారిలో చితికిపోతుంది. అందుకే హైబ్రిడ్ కాయే ఎక్కువ వస్తుంది. కూరకు, శాండ్‌విచ్‌కు అది బాగుంటుంది. పప్పుకు, చారుకు, పచ్చడికి మాత్రం పులుపు, రసం ఉన్న నాటు టమాటా కావాలి. ఆ రోజే వండేటట్టయితే రైతు బజారులో బాగా పండి మెత్తబడిన రకం తక్కువ ధరకే తెచ్చుకోవచ్చు, రుచికి అదే మిన్న. పైగా టమాటాను చల్లటి చోట ఎక్కువ రోజులు ఉంచితే వాసన, రుచి తగ్గుతాయి. చూడటానికి మెరుస్తూనే ఉంటుంది.

రైతు బజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలయ్యాయి. అక్కడ ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. మీరు యాప్‌లో కొనేవారైనా సరే, అప్పుడప్పుడు ఆ బోర్డు ముందు నిలబడండి. కూరగాయలకు ఎంఆర్‌పీ ఉండదు కదా, ఏ ధర న్యాయమో తెలిసేది అక్కడే.

చేత్తో ఏరుకోవలసినవి ఏవంటే బెండకాయ కొస విరిచి చూడాలి. వంకాయకు ముచ్చిక పచ్చగా ఉందా, పుచ్చు రంధ్రం ఉందా అని తిప్పి చూడాలి. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి చూడాలి. ఇవి తెర మీద కుదరవు. ఆర్డరు రాసేటప్పుడు 'లేతవి వేయండి' అని ఒక ముక్క రాస్తే మా లాంటి కొట్లలో పని చేస్తుంది, రాసుకునే వీలున్న యాప్‌లలోనూ కొంత పని చేస్తుంది. దోసకాయ చేదు, బీరకాయ చేదు మాత్రం ఎవరి చేతికీ తెలియవు. ముక్క కొరికి చూడటమే దారి. అందుకు కొట్టువాణ్ణి గానీ యాప్‌ను గానీ తిట్టకండి.

అపోహ: బియ్యం బస్తా మీద పేరు, తేదీ చూస్తే చాలు.

చాలదు. బస్తా మీద ఉండేది ప్యాక్ చేసిన తేదీ. ధాన్యం ఎప్పుడు కోశారో, ఎన్నాళ్ళు మాగిందో ఆ తేదీ చెప్పదు. అన్నం పొడిపొడిగా రావడం, ముద్ద కావడం ఆ మాగుడు మీదే ఆధారపడి ఉంటుంది. కొత్త బియ్యం నీళ్ళు తక్కువ పీలుస్తాయి, మెత్తబడతాయి. పాతవి ఎక్కువ పీల్చి ఒదుగుతాయి. నాలుగు గింజలు పళ్ళ మధ్య కొరికితే కొత్తవి పిండిగా నలుగుతాయి, పాతవి టక్కున విరుగుతాయి. మా కౌంటర్ మీద పెద్దవాళ్ళు ఇప్పటికీ చేసే పరీక్ష ఇదే. నేను దీన్ని పూర్తిగా నమ్ముతాను.

పేర్ల సంగతీ అంతే. 'సోనా మసూరి' అని రాసిన బస్తాలు మిల్లు మిల్లుకూ తేడాగా ఉంటాయి. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, మన రెండు రాష్ట్రాల సన్నబియ్యానికి కొలబద్దగా నిలిచింది. దాని తర్వాత ఎన్నో రకాలు వచ్చాయి. అయినా మార్కెట్‌లో రకం పేరు కంటే మిల్లు పేరే ఎక్కువ పలుకుతుంది. కాబట్టి కొత్త మిల్లు బియ్యమైతే ముందు రెండు కిలోలు విడిగా తీసుకుని వండి చూడండి. నచ్చితే అదే మిల్లు బస్తాను ఎక్కడి నుంచైనా తెప్పించుకోండి. మోసే బాధ తప్పుతుంది. అన్ని సరుకుల్లోనూ ఇంటికి తెప్పించుకోవడం వల్ల నిజంగా మేలు జరిగేది బియ్యం బస్తాకే.

ఇంకో మాట. 2022 జూలై 18 నుంచి, ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడింది. అప్పటి నుంచే 26 కిలోల బస్తాలు కనబడటం మొదలైంది. ఒకచోట 25 కిలోల ధర, మరోచోట 26 కిలోల ధర పక్కపక్కన పెట్టి ఏది చవక అని చూస్తున్నారు చాలామంది. కిలోకు ఎంతో భాగించి చూడాలి.

అపోహ: తగ్గింపు ఎక్కువ ఉన్నచోటే ధర తక్కువ.

తగ్గింపును ఎంఆర్‌పీ మీద లెక్క వేస్తారు. ఎంఆర్‌పీ ఎంత వేయాలన్నది ప్యాక్ చేసేవాళ్ళ ఇష్టం. జీడిపప్పు, బాదం, పప్పు ప్యాకెట్ల మీద ఎంఆర్‌పీని బాగా ఎక్కువగా వేసి, సగానికి సగం తగ్గించామని చూపడం యాప్‌లలోనూ, సూపర్ మార్కెట్లలోనూ ఉన్నదే. విడిగా తూచి ఇచ్చే దానికి ఆ ఆర్భాటం ఉండదు, ధర ఒకోసారి అదే ఉంటుంది, ఒకోసారి తక్కువే ఉంటుంది. ప్యాకెట్ మీద గ్రాముకు గానీ కిలోకు గానీ ధర ఎంతో ముద్రించాలని నిబంధన ఉంది. ఆ చిన్న అక్షరాలు చదవండి.

నూనె దగ్గర మరీ జాగ్రత్త. లీటరు సన్‌ఫ్లవర్ నూనె మామూలు వేడిలో సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఫలానా సైజుల్లోనే అమ్మాలన్న పాత నియమం పోయాక, అంతకంటే తక్కువ గ్రాముల ప్యాకెట్లు కూడా చూపుకు అదే పరిమాణంలో వస్తున్నాయి. ఫోను తెర మీద రెండు బొమ్మలూ ఒకేలా కనిపిస్తాయి. పది రూపాయలు తక్కువని సంతోషించే ముందు గ్రాములు చూడాలి.

డెలివరీ రుసుము, హ్యాండ్లింగ్ రుసుము, చిన్న ఆర్డరు రుసుము, వాన పడితే అదనపు రుసుము, ఇవన్నీ కలిపిన చివరి మొత్తాన్నే ధరగా లెక్కించండి. ఉచిత డెలివరీ కోసం అవసరం లేని బిస్కెట్లు కలిపితే అది ఉచితం కాదు. ఆర్డరు చివర్లో కొత్త చార్జీలు బయటపెట్టడం, అడగకుండానే బుట్టలో టిప్పో విరాళమో కలపడం, వీటిని 2023 నవంబర్ 30న వెలువడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు తప్పుగా ఎంచాయి. అందులో ఇలాంటి 13 పద్ధతులను పేర్కొన్నారు.

అపోహ: కొట్టులో కాటా మోసం, ప్యాకెట్ తూకం పక్కా.

ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు, కొలతల శాఖ ముద్ర వేయించాలి, ఆ ధ్రువపత్రం కనబడేలా పెట్టాలి. అడిగి చూడండి, అడగడం మీ హక్కు. సరుకు పెట్టకముందు తెర మీద సున్నా ఉందో లేదో చూడండి. ప్యాకెట్‌కు కూడా చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది. 500 గ్రాములు దాటి కిలో లోపు ఉన్న ప్యాకెట్‌లో 15 గ్రాముల దాకా తేడా ఉండవచ్చు. ఆకుకూరలు కట్టల లెక్కన కొన్నప్పుడు తూకం మాటే ఉండదు. ఆ ఒక్క దానిలోనే నాకు జనం ఎక్కువ నష్టపోతున్నారనిపిస్తుంది.

అపోహ: సీలు వేసిన ప్యాకెట్‌లో గడువు చూడనక్కరలేదు.

ఏ దుకాణమైనా ముందు గడువు తీరేదాన్ని ముందు అమ్మాలని చూస్తుంది. మేమూ పాత ప్యాకెట్లు ముందు వరుసలో పెడతాం. కొట్టుకు వచ్చినవాళ్ళు చేయి చాచి వెనుక వరుసలోది తీసుకోగలరు. గోదాములో మాత్రం ఏది ఇవ్వాలో వ్యవస్థ నిర్ణయిస్తుంది, అది పాతదే కావచ్చు. ఆన్‌లైన్ అమ్మకందారులు సరుకు ఇంటికి చేర్చే నాటికి మొత్తం గడువులో కనీసం 30 శాతం గానీ, గడువు తేదీకి 45 రోజులు గానీ మిగిలి ఉండేలా చూడాలని ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 నవంబర్‌లో చెప్పింది. పెరుగు, పనీర్, బ్రెడ్ లాంటివి ఎలాగూ కొద్ది రోజులే ఉంటాయి కాబట్టి వాటి మీది తేదీని తలుపు దగ్గరే చూసుకోండి.

అపోహ: రవ్వలో పురుగు కనిపిస్తే అది పాత సరుకే.

ప్రతిసారీ కాదు. గుడ్లు పొలంలోనో మిల్లులోనో గింజలో చేరి ఉండవచ్చు. వానాకాలపు తేమకు, వెచ్చదనానికి పొదుగుతాయి. కొన్న వెంటనే రవ్వను కొద్దిగా వేయించి, చల్లారాక గాలి చొరబడని డబ్బాలో పోస్తే బాధ ఉండదు. ప్యాకెట్ విప్పిన రోజే కనిపిస్తే మాత్రం తిప్పి పంపండి. పప్పు, పిండి డబ్బాలో పోశాక కూడా కవరు పారేయకండి. బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది.

అపోహ: ఆవకాయ సరుకులూ ఆర్డరు పెట్టేయవచ్చు.

కారం, ఆవపిండి, నూనె, ఉప్పు అయితే సరే, నమ్మకమైన చోటి నుంచి తెప్పించండి. కాయ మాత్రం మార్కెట్‌కు వెళ్ళి మీరే ఏరుకోండి. కాయ గట్టిగా, పుల్లగా ఉండాలి. లోపల టెంక కట్టి ఉండాలి, లేకపోతే ముక్కకు పెంకు నిలవదు, పచ్చడి మెత్తబడుతుంది. ఒక కాయ కోయించి ముక్క నోట్లో వేసుకుని, పులుపు చూసి, అప్పుడు బేరం ఆడాలి. మార్కెట్లో కత్తిపీట మనిషి దగ్గర కోయించుకుని, ముక్కలను గుడ్డతో తుడిచి ఇంటికి తెచ్చుకుంటే సగం పని అయినట్టే. ముందు రోజు తెంపి ఉంచిన కాయ ఒక్కోసారి పెట్టెలోనే పండబారుతుంది. మొత్తం పెట్టె తీసుకునేవాళ్ళు అడుగు వరుస కూడా తిప్పి చూడాలి.

చింతపండు కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఎండాకాలం మొదట్లో వచ్చే కొత్త పండు గోధుమ రంగులో ఉంటుంది, నిలవ ఉన్నకొద్దీ నల్లబడుతుంది. ఏడాదికి సరిపడా కొనేవాళ్ళు గింజ, ఈనె తీసినదా లేదా అన్నది విప్పి చూసి కొనాలి. అందులో తూకానికి గింజ చేరితే ధర తగ్గినట్టు కనిపించినా నష్టమే.

ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి, ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందేమో చూడండి. ఎంఆర్‌పీ కంటే ఎక్కువ అడిగినా, చెడిపోయిన సరుకు వెనక్కి తీసుకోకపోయినా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915కు ఫోను చేయవచ్చు. ఆ నంబరు మా లాంటి కొట్టుకూ, యాప్‌కూ రెండింటికీ వర్తిస్తుంది.