పట్టుకుపోయేది వాషింగ్టన్, భరించేది ఊరు: అమెరికా వలస దాడుల వెనకటి కథ

2025 జూన్ 6న లాస్ ఏంజెలెస్‌లో ఐసీఈ (వలస చట్టాలు అమలు చేసే కేంద్ర సంస్థ) ఏజెంట్లు ఒక బట్టల గోదాము మీద దాడి చేశారు. హోమ్ డిపో అనే ఇంటి సామాన్ల దుకాణం పార్కింగ్ దగ్గర పని కోసం ఎదురుచూసే అడ్డా కూలీలనూ పట్టుకున్నారు. జనం రోడ్డెక్కారు. మర్నాడే అధ్యక్షుడు ట్రంప్, కాలిఫోర్నియా గవర్నర్ వద్దంటున్నా నేషనల్ గార్డ్ అనే రిజర్వు సైన్యాన్ని దించారు. ఆ వెంటనే 700 మంది మెరీన్లు కూడా వచ్చారు. సెప్టెంబరులో షికాగో వంతు వచ్చింది. చట్టం అమలు చేస్తుంటే అడ్డుపడతారేంటని కేంద్రం అంటోంది. మా ఊళ్లో జనం గడప దాటాలంటే భయపడుతున్నారని మేయర్లు అంటున్నారు.

టీవీలో చూస్తే ఇది ట్రంప్‌కూ డెమొక్రాట్ మేయర్లకూ మధ్య కొత్తగా పుట్టిన పోట్లాటలా ఉంటుంది. నిజానికి ఈ తగువు ఇప్పటిది కాదు, ఒక పార్టీది అసలే కాదు. రెండు పార్టీల అధ్యక్షులూ సంతకాలు పెట్టిన చట్టాల్లోనే దీని వేళ్లున్నాయి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పొలాల్లో పనిచేసేవాళ్లు కరువై, 1942లో అమెరికా మెక్సికోతో ఒప్పందం చేసుకుని కూలీలను పిలిపించుకుంది. బ్రసేరో అనే ఆ పథకం 1964 దాకా నడిచింది. పంటల కాలానికి వచ్చి, కోతలయ్యాక ఇంటికి పోయేవాళ్లు. ఒప్పందం లేకుండా వచ్చేవాళ్లూ ఉండేవాళ్లు. వాళ్ల సంగతి తేల్చడానికి 1952లో తెచ్చిన చట్టం ఒక విచిత్రం చేసింది. అక్రమంగా వచ్చినవారికి ఆశ్రయమివ్వడం నేరమంది, పని ఇవ్వడం మాత్రం నేరం కాదంది. టెక్సాస్ రైతుల ఒత్తిడితో చేర్చిన వెసులుబాటు కాబట్టి దానికి టెక్సాస్ పేరే ఉండిపోయింది. పనిచేసేవాడు దొంగ, చేయించుకునేవాడు దొర. ఆ తేడా పుస్తకంలోంచి పోవడానికి 34 ఏళ్లు పట్టింది. ఆచరణలో పూర్తిగా పోయిందని ఇప్పటికీ అనలేం.

తర్వాత 1965 చట్టం. తెలుగువాళ్లకు ఇది బాగా కావలసిన చట్టం. జాతుల వారీ కోటాలు ఎత్తేసి, చదువుకున్నవాళ్లకు తలుపు తీసింది ఇదే. గుంటూరు, విశాఖ, కర్నూలు, హైదరాబాద్ మెడికల్ కాలేజీల నుంచి డాక్టర్లు వెళ్లడం, 1970ల చివర తానా పుట్టడం, ఆ వెనక ఇంజనీర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు వరస కట్టడం, అంతా ఆ తలుపులోంచి సాగిందే. అదే చట్టం రెండో పక్క ఇంకో పని చేసింది. మెక్సికోతో సహా పశ్చిమార్ధగోళ దేశాలన్నింటికీ కలిపి మొదటిసారిగా ఏడాదికి 1,20,000 వీసాలని పరిమితి పెట్టింది. 1976లో దాన్ని దేశానికి 20,000కు కుదించారు. బ్రసేరో మూతపడింది, వీసాలు అరకొర, పొలాల్లో పని మాత్రం అలాగే ఉంది. నిన్నటిదాకా వచ్చిపోయిన మనుషులే, అదే చేలో, అదే కోతలకు వస్తూ అక్రమం అయిపోయారు. మనం లోపలికి వెళ్లిన తలుపూ, వాళ్ల మీద మూసుకున్న తలుపూ ఒకే చట్టంలోవని మనవాళ్లలో చాలామందికి తెలియదు. తెలిస్తే మనమంతా లైన్లో వచ్చాం, వాళ్లు దూకి వచ్చారు అనే మాట అంత తేలిగ్గా నోట రాదేమో.

1986లో రీగన్ ప్రభుత్వం ఈ ముడి విప్పాలని చూసింది. అప్పటికే ఉన్నవాళ్లలో సుమారు 27 లక్షల మందికి కాగితాలిచ్చింది. ఇకమీదట అక్రమంగా ఉన్నవాళ్లకు తెలిసి పని ఇస్తే యజమానికి శిక్ష అంది. కిటుకంతా ఆ ‘తెలిసి’ అన్నచోటే ఉంది. చూపించిన కార్డు అసలుదిలా కనిపిస్తే చాలు, యజమాని బాధ్యత తీరిపోతుంది. దాంతో దొంగ కార్డుల బజారు పెరిగింది. సబ్‌కాంట్రాక్టర్లు పుట్టుకొచ్చారు. మాంసం ఫ్యాక్టరీలు, హోటళ్లు, ఇళ్లు కట్టే కంపెనీలు వాళ్ల చేతుల మీదుగానే నడిచాయి. 1990లో 35 లక్షలున్న అక్రమ వలసదారుల సంఖ్య 2007కల్లా కోటి 20 లక్షలు దాటింది.

1996లో క్లింటన్ సంతకం చేసిన చట్టం ఆ ముడిని ఇంకా బిగించింది. ఆరు నెలలకు మించి కాగితాల్లేకుండా ఉండి దేశం దాటితే మూడేళ్లు, ఏడాదికి మించితే పదేళ్లు తిరిగి రాకూడదంది. దాంతో వెనక్కి వెళ్దామనుకున్నవాళ్లు కూడా వెళ్లలేక ఉండిపోయారు. ఆ చట్టంలోనే 287(జి) అనే సెక్షన్ పెట్టారు. స్థానిక పోలీసులు, షెరీఫ్‌లు (కౌంటీ, అంటే జిల్లా స్థాయి పోలీసు అధికారులు) కేంద్రంతో ఒప్పందం చేసుకుంటే వలస తనిఖీలు వాళ్లూ చేయవచ్చు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత పాత వలస శాఖను రద్దు చేసి, 2003లో హోంల్యాండ్ సెక్యూరిటీ కింద ఐసీఈని పెట్టారు. వలస అనేది అప్పటిదాకా ముఖ్యంగా కూలీల, కుటుంబాల వ్యవహారం. అక్కణ్నుంచి దేశభద్రత వ్యవహారం అయింది.

ఇదంతా ఒక ఊరి మీద పడితే ఎలా ఉంటుందో పోస్ట్‌విల్ చూపించింది. అయోవా రాష్ట్రంలో, మొక్కజొన్న చేల మధ్య, రెండు వేల చిల్లర జనాభా ఉన్న ఊరు. మూతపడి ఉన్న మాంసం ఫ్యాక్టరీని 1987లో బ్రూక్లిన్ నుంచి వచ్చిన ఒక యూదు కుటుంబం కొని, కోషర్ (యూదు మతాచారం ప్రకారం కోసిన) మాంసం తయారీ మొదలుపెట్టింది. పని పెరిగింది, గ్వాటెమాలా నుంచి, మెక్సికో నుంచి కూలీలు వచ్చారు. ఖాళీ అయిపోతున్న ఊళ్లో అద్దెలొచ్చాయి, దుకాణాలొచ్చాయి, బడి నిండింది.

2008 మే 12 పొద్దున హెలికాప్టర్లు వచ్చి ఫ్యాక్టరీ పైన తిరిగాయి. వందల మంది ఏజెంట్లు చుట్టుముట్టి 389 మందిని పట్టుకున్నారు. అంటే ఊళ్లో ప్రతి ఆరుగురిలో ఒకరు. వాళ్లను వాటర్లూకు తీసుకెళ్లి, పశువుల సంత జరిగే ఆవరణలో పెట్టారు. కోర్టు కూడా అక్కడికే వచ్చింది. చేతులకు, నడుముకు, కాళ్లకు గొలుసులతో పదేసి మందిని ఒకేసారి నిలబెట్టి కేసులు నడిపారు. వేరేవాళ్ల గుర్తింపు నంబరు వాడారన్న పెద్ద కేసు పెడితే కనీసం రెండేళ్ల జైలు. తప్పు ఒప్పుకుంటే ఐదు నెలలు, ఆ తర్వాత దేశ బహిష్కరణ. చాలామంది ఒప్పుకున్నారు. అక్కడ పనిచేసిన ఒక కోర్టు దుబాసీ, తాము ఒప్పుకుంటున్న నేరం ఏమిటో చాలామందికి అర్థమే కాలేదని తర్వాత అమెరికన్ కాంగ్రెస్ ముందు చెప్పాడు. ఏడాది తిరిగేసరికి సుప్రీంకోర్టు వేరే కేసులో తీర్పిచ్చింది: ఆ నంబరు ఇంకొక మనిషిదని తెలిసి వాడినట్టు రుజువు కావాలి. అప్పటికే పోస్ట్‌విల్ కూలీలు శిక్షలు అనుభవించి వెళ్లిపోయారు.

దాడి జరిగిన మర్నాడు బడిలో దాదాపు సగం మంది పిల్లలు లేరు. జనం పెట్టేబేడా తీసుకుని సెయింట్ బ్రిడ్జెట్ చర్చిలో తలదాచుకున్నారు. పసిపిల్లలున్న కొందరు తల్లులను కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ కట్టి వదిలారు. పని చేయడానికి లేదు, ఊరు విడవడానికి లేదు. వాళ్ల తిండీ అద్దే నెలల తరబడి చర్చి చూసుకుంది. ఫ్యాక్టరీ ఆ నవంబరులో దివాలా తీసింది. ఇళ్లు ఖాళీ అయ్యాయి, వీధి దుకాణాలు మూతపడ్డాయి. మరి యజమాని? ఫ్యాక్టరీ నడిపిన వ్యక్తికి 27 ఏళ్ల జైలు పడిన మాట నిజమే, కాని అది బ్యాంకు మోసానికి. వలస చట్టం కింద పెట్టిన అభియోగాలను ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. 2017లో ట్రంప్ మిగిలిన శిక్షను తగ్గించడంతో ఆయన ఇంటికొచ్చేశారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసింది 2017లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన లెక్క. పోస్ట్‌విల్ దాడి తర్వాత అయోవా రాష్ట్రమంతటా లాటినో తల్లులకు తక్కువ బరువుతో బిడ్డలు పుట్టే ముప్పు, అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే 24 శాతం పెరిగింది. వాళ్లలో అమెరికాలోనే పుట్టిన పౌరులూ ఉన్నారు. ఆ ఫ్యాక్టరీ గేటు ఎన్నడూ చూడని ఆడవాళ్లు ఆ టెన్షన్‌ను కడుపులో మోశారు.

2019 ఆగస్టులో మిసిసిపీలో కోళ్ల ఫ్యాక్టరీల మీద ఇలాగే దాడి చేసి 680 మందిని పట్టుకున్నారు. కొన్నిచోట్ల అది బడులు తెరిచిన మొదటి రోజు. 2025 జూన్‌లో ఒమాహాలో ఒక మాంసం కంపెనీలో 70 మందికి పైగా దొరికారు. ఆ కంపెనీ ప్రభుత్వం చెప్పిన ఈ-వెరిఫై విధానంలోనే అందరినీ సరిచూసుకుని పనిలో పెట్టుకుంది.

ఇక పోలీసుల సంగతి. స్థానిక పోలీసు వలస కాగితాలు అడగకూడదన్న ఆదేశం మొదట తెచ్చింది ఉద్యమకారులు కాదు, పోలీసులే. 1979లో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ 40వ నంబరు ప్రత్యేక ఉత్తర్వు జారీ చేసింది. దొంగతనం జరిగినా, మొగుడు కొట్టినా, కాగితాల్లేనివాళ్లు స్టేషన్‌కు రాకపోతే నేరాలు పట్టుకోవడం ఎలాగన్నది వాళ్ల బాధ. 1980ల్లో సాల్వడార్, గ్వాటెమాలా అంతర్యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు చర్చిలు ఆశ్రయమిచ్చాయి. వలస చట్టాల అమలుకు స్థానిక పోలీసును వాడకూడదని 1987లో ఓరెగన్ రాష్ట్ర చట్టమే చేసింది, 1989లో శాన్‌ఫ్రాన్సిస్కో కూడా అదే దారి పట్టింది. కేంద్ర చట్టాలను అమలు చేయమని స్థానిక అధికారులను బలవంతపెట్టడానికి వీల్లేదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. తుపాకుల కేసులో ఇచ్చిన ఆ తీర్పే ఇప్పుడు ఐసీఈకి సహకరించని నగరాలకు కవచం.

స్థానిక పోలీసులే వలస తనిఖీలకు దిగిన చోట ఏమైందో అరిజోనాలోని మారికోపా కౌంటీలో చూడొచ్చు. షెరీఫ్ జో అర్పాయో 287(జి) ఒప్పందంతో లాటినోలు కనిపిస్తే కార్లు ఆపించాడు. అది జాతి వివక్షేనని 2013లో కోర్టు తేల్చింది. కోర్టు ధిక్కార కేసులో ఆయనకు 2017లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. ఆ కేసు తీర్పు అమలుకు పన్నుదారులు కట్టింది 20 కోట్ల డాలర్ల పైమాటేనని కౌంటీ లెక్క.

అయితే రెండో పక్క బాధను కొట్టిపారేయడం న్యాయం కాదు. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తండ్రితో నడుస్తున్న ఒక యువతి తుపాకీ గుండుకు చనిపోయింది. పేల్చిన వ్యక్తిని అంతకు ముందు ఐదుసార్లు దేశం నుంచి పంపేశారు. ఐసీఈ అప్పగించమని అడిగినా స్థానిక షెరీఫ్ వదిలేశాడు. హత్య నేరం కోర్టులో నిలవలేదు, కాని ఆ తల్లిదండ్రుల ప్రశ్న నిలిచింది. 2024లో జార్జియాలో కాగితాల్లేకుండా వచ్చిన వ్యక్తి ఒక నర్సింగ్ విద్యార్థినిని హత్య చేసిన తర్వాత, 2025 జనవరిలో ఆమె పేరు మీదే లేకెన్ రైలీ చట్టం వచ్చింది. కాగితాల్లేనివాళ్ల మీద చిన్న దొంగతనం కేసు పెట్టినా, అది రుజువు కాకముందే నిర్బంధం తప్పనిసరి చేసింది. నేరం చేసినవాణ్ని పంపేయాలంటే కాదనేవాళ్లు ఏ ఊళ్లోనూ పెద్దగా లేరు. గొడవంతా వాడితో పాటు వంటవాణ్ని, కూలీని, బడికి పిల్లను దింపుతున్న తల్లిని కూడా తీసుకుపోవడం గురించి. బడులు, చర్చిలు, ఆస్పత్రుల జోలికి సాధారణంగా పోవద్దన్న 2011 నాటి నియమం తర్వాత ఇంకా బలపడింది. 2025 జనవరిలో దాన్ని ఎత్తేశారు. కాగితాలతో పనిలేకుండా ప్రతి పిల్లకూ ఉచితంగా చదువు చెప్పాల్సిందేనన్న 1982 నాటి సుప్రీంకోర్టు తీర్పు మాత్రం ఇంకా ఉంది. పిల్లను పంపాలంటే తల్లికి ధైర్యం కావాలి, అంతే.

మనకు ఇందులో పాత్ర లేదనుకుంటే పొరపాటు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు, అందులో ఉన్న 1,500 మందికి పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ వాళ్లే. రికార్డుల ప్రకారం సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో కాపురం. కొందరి కాళ్లకు పట్టీలు వేశారు. పోస్ట్‌విల్ తల్లులకు వేసినట్టే. ఇక్కడ హైదరాబాద్‌లో ఆ ఫొటోలు చూసి జనం భగ్గుమన్నారు, ఢిల్లీ నిరసన చెప్పింది. యూనివర్సిటీ పెట్టినావిడకు 16 ఏళ్లకు పైగా జైలు పడింది. 2019లో బయటపడిన, డెట్రాయిట్ దగ్గరి ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే ప్రభుత్వమే పన్నిన వల. క్లాసుల్లేవు, పంతుళ్లు లేరు. మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చన్న ఆశతో సుమారు 600 మంది చేరారు. దొరికిన ఎనిమిది మంది దళారులూ తెలుగువాళ్లే. విద్యార్థుల్లో కొందరు తెలిసే చేరారు, కొందరు కన్సల్టెన్సీ మాట నమ్మి చేరారు. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు మాత్రం ఆ తేడా వల్ల ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

2025 మొదట్లో క్యాంపస్ బయట గ్యాస్ స్టేషన్లలో, రెస్టారెంట్లలో గంటల లెక్కన పనిచేసే మన పిల్లల్లో చాలామంది పట్టుబడతామన్న భయంతో ఉన్నపళంగా మానేశారు. ఏప్రిల్‌లో వేల మంది విద్యార్థుల స్టేటస్ రికార్డులు (చట్టబద్ధంగా చదువుకుంటున్నట్టు చూపేవి) రద్దయ్యాయి. కొందరికి కారణం పాత ట్రాఫిక్ కేసు. కోర్టుల్లో దెబ్బ మీద దెబ్బ తగిలాక ప్రభుత్వం వాటిని తిరిగి తెరిచింది.

ఇప్పుడు చట్టం కూడా రాష్ట్రానికో తీరుగా ఉంది. జైళ్లు నడిపే షెరీఫ్‌లు ఐసీఈతో ఒప్పందం చేసుకోవాల్సిందేనని టెక్సాస్ 2025లో చట్టం చేసింది. న్యూజెర్సీలో 2018 నుంచే అలాంటి సహకారం మీద రాష్ట్ర అటార్నీ జనరల్ ఆంక్షలు పెట్టారు. అన్న టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, తమ్ముడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న తెలుగు ఇళ్లు ఎన్నో. చిన్న కేసులో అరెస్టయితే, అన్నను ఉంచిన జైలు సిబ్బందే వలస తనిఖీ చేయవచ్చు. తమ్ముడి స్టేటస్‌ను మామూలు కేసుల్లో పోలీసు అడగకూడదు. 2025 జనవరిలో దేశం మొత్తం మీద 135 ఉన్న 287(జి) ఒప్పందాలు ఆ శరదృతువుకల్లా 1,000 దాటాయి. మిగతా రాష్ట్రాల కంటే ఫ్లోరిడా, టెక్సాస్‌లలోనే అవి ఎక్కువ.