‘వచ్చి తీసకపోండి’ అనే ముందు: కుక్కల రెస్క్యూపై అపోహలు – వాస్తవాలు

మాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో ముగుస్తాయి: “అక్కా, వచ్చి తీసకపోండి.” బండి గుద్దిన కుక్కయినా, మెట్ల కింద ఈనిన కుక్కయినా, మోజు తీరిన లాబ్రడార్ అయినా అదే మాట. కడపలో కొన్నేళ్లుగా దిక్కులేని కుక్కలను కాపాడే ఈ రెస్క్యూ పని చేస్తున్నా. ఆ మాట వెనకున్న నమ్మకాల వల్ల కుక్కలు చచ్చిపోవడం చూశాను కాబట్టే ఇది రాస్తున్నా.

అపోహ: రెస్క్యూ వాళ్లకు పెద్ద షెల్టర్ ఉంటుంది, ఎన్ని కుక్కలనైనా పెట్టుకుంటారు.

మాకున్నది ఒకరి మేడ మీద గది, ఇంకొకరి వరండా. ఖర్చు మా జేబుల్లోంచే. కానీ మేం కాదనడానికి చోటు చాలకపోవడం ఒక్కటే కారణం కాదు, అంతకంటే పెద్ద భయం పార్వో. కుక్కపిల్లలకు నెత్తుటి విరేచనాలు పట్టించే ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌తో కడిగితే పోదు, బ్లీచింగ్ వేయాలి. మొదట్లో నాకిది తెలియదు. వానలో తడుస్తున్న ఒక పిల్లను తెచ్చి, ఉన్న నాలుగు పిల్లలతో కలిపి పడుకోబెట్టాను. వారం తిరిగేసరికి ముగ్గురు పోయారు. ఆ రోజు నుంచి కొత్త పిల్ల ఏదొచ్చినా రెండు వారాలు విడిగా ఉంచాల్సిందే. విడి గది ఖాళీ లేకపోతే తీసుకురాం, మీ ఇంటి వరండాలోనే ఉంచి వైద్యం చేయిస్తాం. కఠినంగా అనిపిస్తుంది, కానీ ఉన్నవాటి ప్రాణం కూడా చూడాలి కదా.

రోడ్డు మీద పని కూడా ఎత్తుకుని ఆటోలో వేసుకోవడం కాదు. నొప్పిలో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది. ముందు గుడ్డ పట్టీతో మూతి కడతాం, వాంతి చేసుకుంటున్నా ఊపిరి ఆడకున్నా మాత్రం కట్టం. గోనె పట్టా మీదికి మెల్లగా జరిపి, నాలుగు మూలలా పట్టి లేపుతాం. కాళ్లు పట్టుకుని లాగితే విరిగిన వెన్ను ఇంకా చెడుతుంది. పశువుల ఆసుపత్రి ఉంది, 1962కు చేస్తే సంచార పశువైద్య వాహనం ఉంది. పెద్ద కేసైతే 50 కిలోమీటర్లకు పైనే ఉన్న ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీకి పోతాం. పురుగులు పడిన పుండులో ఫినాయిల్, గజ్జికి కిరోసిన్ పోసి పంపేవాళ్లున్నారు. చర్మం కాలిపోయి వస్తాయి. దయచేసి అవి పోయకండి.

అపోహ: పట్టుకుపోయి ఊరవతల పాలకొండల కింద వదిలేస్తే పీడ పోతుంది.

2001 నాటి నిబంధనలైనా, వాటి స్థానంలో వచ్చిన 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలైనా చెప్పేది ఒకటే: ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న వీధిలోనే వదలాలి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆ కుక్కకు ఆపరేషన్ అయినట్టు. మటన్ అంగళ్ల వ్యర్థాలు, హోటళ్ల ఎంగిలాకులు ఉన్నంతకాలం ఆ వీధి ఖాళీగా ఉండదు. మీరెరిగిన కుక్క పోతే టీకా లేని కొత్తది వస్తుంది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల సంగతి వేరు. అక్కడ పట్టిన కుక్కలను మళ్లీ అక్కడే వదలొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

అపోహ: ఆడకుక్క ఒక్క ఈతైనా ఈనాకే ఆపరేషన్ చేయించాలి.

దానివల్ల కుక్కకు ఏ మేలూ లేదు. మొదటిసారి ఎదకు రాకముందే చేయిస్తే రొమ్ము గడ్డలు వచ్చే ప్రమాదం చాలా తగ్గుతుంది.

అపోహ: పిల్లకుక్క గోరు గీరితే ఏం కాదు.

రేబిస్ కుక్కపిల్లలకూ వస్తుంది. గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడిగి వెంటనే సర్కారు ఆసుపత్రికి పోండి. కారం, పసుపు, కాఫీపొడి పెట్టొద్దు. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చర్మంలోకి వేసే పద్ధతిలో టీకాను 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో వేస్తారు. నెత్తురు వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే సూది) కూడా వేయాలి. లక్షణాలు కనబడ్డాక దీనికి మందు లేదు కాబట్టి రేపు చూద్దాంలే అనుకోకండి.

అపోహ: ఊరికే ఇచ్చే కుక్కకు ఇన్ని ప్రశ్నలెందుకు?

కుక్కను పెంచుకోవడానికి ఇచ్చే ముందు ఇల్లు చూడటానికి వస్తామంటే నొచ్చుకునేవాళ్లు చాలామంది. మేం అడిగేవి ఇవి: అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారా? అందరూ తిరుమలకు పోతే అన్నం ఎవరు పెడతారు? పగలంతా మేడ మీద గొలుసుతో కట్టేస్తారా? ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్లో రేకు కింద నీడ నీడ కాదు. మంచు దేశపు హస్కీని కొని తెచ్చి అక్కడే కట్టేసినవాళ్లను చూశాను.

రెండేళ్ల కిందట మూడు నెలల నల్లపిల్లను ఒక ఇంటికిచ్చాం. బడికి పోయే పిల్లాడు ముచ్చటపడ్డాడు. దానికి ఐదు నెలల వయసప్పుడు వాళ్లమ్మ ఫోను: “చెప్పులన్నీ కొరుకుతాంది, ఇల్లంతా ఎంటికలు, తీసకపోండి.” నాలుగు నుంచి ఏడు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవొస్తాయి, కొరకడానికి ఏదో ఒకటి కావాలి. అది ముందే చెప్పి ఉండాల్సింది మేమే. నాలుగు రోజులు ఆ పిల్ల ముద్ద ముట్టకుండా గేటు వైపు చూస్తూ పడుకుంది. అప్పటి నుంచి పిల్లలతో కాదు, వాళ్లమ్మతో మాట్లాడుతున్నాం, ఎందుకంటే చివరికి ఆ గిన్నె కడిగేది ఆమే. పదో తరగతి పిల్లాడు చదువుకు హైదరాబాదో బెంగళూరో పోతాడు, కుక్క 12, 14 ఏళ్లు ఆమె దగ్గరే ఉంటుంది.

తెచ్చుకున్నాక మొదటి రోజుల్లో మంచం కిందే దాక్కుంటుంది. వీధి వీధంతా పిలిచి చూపించకండి, స్నానం చేయించకండి. ఇల్లు నాది అనుకోవడానికి నెలలు పట్టొచ్చు. 6–8 వారాల వయసు నుంచి 16 వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టర్లు. సంగటి, గుడ్డు పెట్టొచ్చు. ఉల్లిపాయ వేసిన కూర, ద్రాక్ష, ఉడికిన ఎముకలు వద్దు. జ్వరమొస్తే మనుషుల మాత్ర వేయకండి. నిజంగా పెంచలేకపోతే మాకు చెప్పండి, ఇంకో ఇల్లు దొరికేదాకా మీ దగ్గరే ఉంచండి. రోడ్డు మీద వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం.

ఇక దెబ్బ తగిలిన కుక్క కనబడి ఫోన్ చేస్తే, ఫోటో తీసి పంపండి. దగ్గర్లోని అంగడి పేరు చెప్పండి. నీడ చేయండి, గుంపును దూరం పంపండి. దానికి స్పృహ ఉంటే గిన్నెలో నీళ్లు పక్కన పెట్టండి, నోట్లో మాత్రం పోయొద్దు. మేం వచ్చేదాకా అక్కడే ఉండండి. మేం చేరేలోపు అది పాకుతూ ఏ కాలువలోకో పోతే చీకట్లో వెతకడం మా వల్ల కాదు.