టైటర్ తగ్గితే టీకా పోయినట్టేనా? హెపటైటిస్‌-బి మీద అపోహలు, వాస్తవాలు

మొన్న ఒక నర్సింగ్ విద్యార్థిని రిపోర్టు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చింది. యాంటీ-హెచ్‌బీఎస్ 4.2 (హెపటైటిస్‌-బి అనే కాలేయపు వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు రక్తంలో ఎంత ఉన్నాయో చెప్పే అంకె, దీన్నే టైటర్ అంటాం). ఆ అంకె చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టారు. "మేడమ్, చిన్నప్పుడు వేసిన టీకా పని చెయ్యలేదంట, మళ్లీ మూడు డోసులూ వేయించుకోమన్నారు" అని ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. పక్కన వాళ్ల నాన్న "మా అమ్మాయికి కామెర్లు వస్తాయా డాక్టరుగారూ" అని రెండుసార్లు అడిగాడు. నెలకు నాలుగైదు రిపోర్టులు ఇలాంటివే చూస్తున్నాను కాబట్టి ఒకసారి వివరంగా రాస్తున్నాను.

అపోహ: టైటర్ 10 లోపుకొచ్చిందంటే రక్షణ పోయినట్టే.

పోలేదు. ఆ 10 అన్న గీత ఎక్కడిదో ముందు చూడండి. చివరి డోసు వేశాక ఒకటి రెండు నెలలకు తీసిన రక్తంలో టైటర్ 10 దాటితే శరీరం టీకాకు స్పందించిందని లెక్క. ఆ గీత ఆ సమయానికి గీసింది. ఇరవయ్యేళ్ల తరువాత అదే గీతతో కొలిస్తే, మంచిగా స్పందించినవాళ్లలో కూడా సగం మంది దాకా దాని కిందే ఉంటారు. రక్తంలో ఉన్న యాంటీబాడీలు మూడు వారాలకోసారి సగం అవుతాయి, వైరస్ కనపడనప్పుడు శరీరం మునుపటంత తయారు చెయ్యదు. టీకాను గుర్తుపెట్టుకున్న మెమరీ కణాలు మాత్రం ఎక్కడికీ పోవు. వైరస్ లోపలికొస్తే అవి కొద్ది రోజుల్లోనే యాంటీబాడీలను మళ్లీ పెంచేస్తాయి. హెపటైటిస్‌-బి నిదానంగా పెరిగే వైరస్, ఒంట్లో పడ్డాక జబ్బు బయటపడటానికి సగటున మూడు నెలలు పడుతుంది, అందుకే ఆ కణాలకు కావలసినంత టైము దొరుకుతుంది. ఫ్లూ, కొవిడ్ అలా కావు, ఒంట్లో పడ్డ నాలుగైదు రోజుల్లోనే బయటపడతాయి, అక్కడ యాంటీబాడీలు తగ్గితే జలుబు, జ్వరం రావచ్చు గానీ ప్రాణం మీదకు రాకుండా మెమరీ చాలావరకు కాపాడుతుంది. ఒక జబ్బు లెక్క తెచ్చి ఇంకో జబ్బుకు అతికించొద్దు.

అలాస్కాలో 1981లో టీకా వేయించుకున్నవాళ్లను 30 ఏళ్ల తరువాత పరీక్షిస్తే దాదాపు సగం మందికే టైటర్ 10 దాటి ఉంది. మిగతావాళ్లలో బూస్టర్ తీసుకున్నవాళ్లకు ఆ ఒక్క డోసుకే 88 శాతం మందిలో టైటర్ లేచింది. మన అమ్మాయికీ అంతే, ఒక్క డోసు వేసి నాలుగు వారాలకు చూస్తే 1000 దాటింది. తను వార్డులో పనిచేసే మనిషి కాబట్టి ఆ ఒక్క డోసు, మళ్లీ పరీక్ష. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ టీకా తక్కువ ధరకు వచ్చాక క్యాంపుల్లో వేయించుకున్నవాళ్లు ఇప్పుడు "మళ్లీ వేయించుకోవాలా" అని అడుగుతున్నారు, వాళ్లకూ ఇదే జవాబు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల సంగతి మాత్రం వేరు. వాళ్లకు ఏటా టైటర్ చూడాలి, 10 లోపుకొస్తే బూస్టర్ వెయ్యాలి.

అసలు నష్టం ఎక్కడ జరుగుతోందంటే, అవసరంలేని ఏళ్లలో ఈ పరీక్ష చేయించేవాళ్లు, చేయించాల్సిన ఆ ఒకటి రెండు నెలల్లో మాత్రం చేయించరు. నాకు తెలిసిన ఒక ల్యాబ్ టెక్నీషియన్‌కి రాత్రి డ్యూటీలో సూది గుచ్చుకుంది. రోగి హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, అంటే రోగి ఒంట్లో వైరస్ ఉంది. టెక్నీషియన్ ఆరేళ్ల కిందటే మూడు డోసులూ వేయించుకున్నాడు, టైటర్ ఎప్పుడూ చూసుకోలేదు. ఆ రాత్రి చూస్తే 2. తగ్గి 2 అయిందా, మొదట్నుంచీ స్పందించనేలేదా? పెద్దవయసులో వేయించుకున్నవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మంది స్పందించరు, అప్పటి రిపోర్టు లేకుండా ఏదన్నది ఎవరూ చెప్పలేరు. అందుకని ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇవ్వాలి, అదీ వీలైనంతవరకు 24 గంటల్లోపు. తెల్లారి నాలుగింటికి వాళ్ల తమ్ముడు ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని బండి మీద తెచ్చాడు, ఖర్చు వేలల్లో. ఆరు నెలల పాటు రక్తపరీక్షలు, ఇంట్లో భార్యకు చెప్పాలా వద్దా అన్న టెన్షన్. చివరికి నెగటివ్ వచ్చింది. మూడో డోసు అయ్యాక ఒక్క టైటర్ చూసుకుని 10 దాటిందని కాగితం ఉంటే, ఆ రాత్రి చెయ్యి కడుక్కుని పనిలోకి వెళ్లిపోయేవాడు. ఆస్పత్రుల్లో, ల్యాబుల్లో పనిచేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మూడో డోసు వేయించుకున్న రోజే టైటర్ తేదీ ఫోన్లో పెట్టుకోండి. రిపోర్టు ఫొటో తీసి దాచుకోండి.

మిగతావి గబగబా. 1000 ఉన్నవాడికి 120 ఉన్నవాడికంటే ఎక్కువ రక్షణ ఉండదు, ఇద్దరూ క్షేమమే. రెండో డోసు ఆలస్యమైతే మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగినచోట నుంచి వెయ్యండి. పెద్దవాళ్లకు భుజానికే వేయించండి, పిరుదుకు వేస్తే టైటర్ సరిగా రాదు.

ఇంకొకటి, ఇది చెప్పాలంటేనే కడుపు రగులుతుంది. యాంటీ-హెచ్‌బీఎస్ పాజిటివ్ అంటే రక్షణ ఉందని, హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అంటే వైరస్ ఉందని. మా బంధువుల్లో ఒక అమ్మాయి రిపోర్టులో "హెచ్‌బీఎస్ పాజిటివ్" అని ఎవరో చదివి మగపెళ్లివారికి ఫోన్ చేశారు. లగ్నపత్రిక రాసుకున్నాక పది రోజులు పెళ్లి ఆగిపోయింది. చివరికి నేనే వెళ్లి రెండు పరీక్షల కాగితాలూ అబ్బాయి వాళ్ల నాన్నగారి ముందు పెట్టి, మీ అబ్బాయికి కూడా ఈ టీకా వేయించండి, అతనికీ ఈ పాజిటివే వస్తుంది అని చెప్పి వచ్చాను.