కాన్పు గది బయట కుటుంబం

నొప్పులు పడుతున్న మనిషి దగ్గర ఒక ఆడతోడును ఉండనివ్వండని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఫిబ్రవరిలోనే రాష్ట్రాలకు చెప్పింది. చెప్పి ఇన్నేళ్లయినా మన ఏరియా ఆస్పత్రుల్లో, 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో చాలాచోట్ల ఆ మాట గోడ మీది బోర్డు దాటి రాలేదు. లోపల కూతురు, బయట తల్లి. తల్లి ఒళ్లో సంచి, సంచిలో వేడినీళ్ల ఫ్లాస్కు, ఉతికి మడతపెట్టిన పాత నూలు చీర ముక్కలు. ఆయమ్మ తలుపు ఓరగా తీసి "ఫలానా ఆమె తాలూకు ఎవరమ్మా, గుడ్డలివ్వండి" అని కేకేస్తే గుడ్డలు లోపలికి వెళ్తాయి, తల్లి మళ్లీ బెంచీ మీద కూలబడుతుంది. బిడ్డ బరువు తక్కువగా పుట్టిందంటే నవజాత శిశువుల ప్రత్యేక విభాగానికి తీసుకెళ్తారు. అక్కడ ఇంకో తలుపు.

ఈ తలుపులు మొదటి నుంచీ ఉన్నవి కావు. కుటుంబాన్ని బయట ఉంచాలని ఎవరో ఒకరోజు కూర్చుని తీర్మానించిందీ లేదు. ఒక్కో కాలంలో ఒక్కో కారణం వచ్చి పడింది. ఆ కారణాల్లో కొన్ని చెల్లిపోయి చాలా కాలమైంది, తలుపులు మాత్రం మిగిలాయి.

మనకు తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఆనవాయితీ. సీమంతం కాగానే పిల్ల పుట్టింటికి చేరేది. నొప్పులు మొదలైతే ఊరి మంత్రసానికి కబురు. వెనక నుంచి పట్టుకునేందుకు మేనత్తో పిన్నో, నడుం రాసేందుకు అమ్మ. తర్వాత కాయం తినిపించడం, పత్యం పెట్టడం, బిడ్డను చాచిన కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం, అన్నీ ఆడవాళ్ల చేతుల మీదుగానే. ఇప్పుడు ఇంగ్లిషు పుస్తకాలు కుటుంబ కేంద్రిత సంరక్షణ అంటున్నదాంట్లో సగం ఇదే.

మిగతా సగం గురించి మాట్లాడకుండా ఆ రోజులను పొగడటం నాకు ఇష్టం లేదు. బొడ్డు కోసింది కొడవలో బ్లేడో, దానికి రాసింది ఏమిటో ఎవరికీ పట్టేది కాదు. ధనుర్వాతంతో వారం తిరక్కుండా పోయిన బిడ్డలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. బిడ్డ అడ్డం తిరిగితే దేవుడే దిక్కు. ముర్రుపాలు పిండి పారబోసి పంచదార నీళ్లు, తేనె పట్టేవారు. మైల పేరుతో బాలింతను గాలీ వెలుతురూ లేని మూల గదిలో పెట్టేవారు. మనుషుల తోడు దండిగా ఉండేది, ప్రాణానికి పూచీ ఉండేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని దాదాపు లేకుండా చేశామని తేల్చుకున్నది 2003లో. దేశం మొత్తం మీద ఆ మాట అనగలిగేసరికి 2015 వచ్చింది.

మొదట్లో ఆస్పత్రులే కుటుంబాల వెంట పడ్డాయి. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగ డాక్టరుకు చెయ్యి చూపించరు కాబట్టి వాళ్లకోసం విడిగా ఘోషా ఆస్పత్రులు వెలిశాయి. మద్రాసులో 1885లో మొదలైన ఘోషా ఆస్పత్రికి వెంకటగిరి రాజా భూరి విరాళం ఇచ్చారు. విశాఖపట్నంలో విక్టోరియా ఆస్పత్రిని ఇప్పటికీ ఆటోవాళ్లు ఘోషాస్పత్రి అంటేనే పోల్చుకుంటారు. హైదరాబాద్‌లో విక్టోరియా జనానా ఆస్పత్రికి 1906లో పునాదిరాయి పడింది. నిలోఫర్ ఆస్పత్రి వెనుక కూడా ఒక పురిటి చావే ఉందంటారు. రాకుమారి నిలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో చనిపోవడంతో, ఇంకొకరికి అలా కాకూడదని ఆమె పట్టుబట్టారని హైదరాబాదీలు చెప్పుకుంటారు. ఆస్పత్రి 1953లో తెరుచుకుంది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆపేది గుంటూరు. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ పదిహేనేళ్లు తంటాలు పడి 1898లో అక్కడ ఆడవాళ్ల ఆస్పత్రి తెరిచారు. ఆమె వైద్యంతో మేలు పొందిన ఏలూరు రాజా భుజంగరావు ఆ కృతజ్ఞతతో కట్టించింది ఇంకో వార్డు కాదు, రోగుల బంధువులు దిగేందుకు ఒక సత్రం. ఇంటివాళ్లు పక్కన ఉండి వాళ్ల వంట వాళ్లు వండుకునే వీలుంటే తప్ప ఏ ఆడకూతురూ ఆస్పత్రి గడప తొక్కదని ఆయనకు తెలుసు. డాక్టరమ్మకూ తెలుసు. అప్పటి ఆస్పత్రికి కుటుంబం అవసరం.

ఆ అవసరం తీరిపోయాక కుటుంబం అడ్డమైంది. జనం వాళ్లంతట వాళ్లే రావడం మొదలుపెట్టారు, వార్డులు కిక్కిరిశాయి. ఒకే హాల్లో నాలుగైదు కాన్పు బల్లలు, మధ్యన తెర ఉండదు. ఒకామె భర్తను లోపలికి రానిస్తే పక్క బల్ల మీది ఆడమనిషి మానం ఏం కావాలి? ఇది నిజమైన ఇబ్బందే. కానీ దీన్ని ఒప్పుకోవడం కన్నా ఇన్‌ఫెక్షన్ వస్తుందని చెప్పడం ఆస్పత్రులకు తేలికయింది. ఆ వాదన మూలం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బాలింత జ్వరం గుట్టు పట్టుకున్న డాక్టర్ సెమ్మెల్‌వైస్ 1847లో వియన్నాలో తేల్చిందేమిటంటే, ఆ జ్వరాన్ని మోసుకొస్తున్నది శవాలు కోసి చేతులు సరిగా కడుక్కోకుండా వస్తున్న డాక్టర్లూ, వైద్య విద్యార్థులూ అని. తల్లులూ అత్తలూ ఆ లెక్కలోనే లేరు. అయినా బయటికి పోయింది వాళ్లే.

ఎవరూ చెప్పని కారణం ఇంకొకటుంది. తోడు మనిషి లోపల ఉంటే తిట్లు తగ్గించుకోవాలి. "అప్పుడు తెలియలేదా ఈ నొప్పి" అన్న మాటలూ, తొడ మీద చరుపులూ కాన్పు గదిలోకి వెళ్లొచ్చిన ఆడవాళ్లను ఎవరినడిగినా చెబుతారు. మగపిల్లాడికి ఒక రేటు, ఆడపిల్లకు ఒక రేటు చొప్పున చేతిలో పెట్టాల్సిన మామూళ్ల సంగతీ అంతే. చూసే కళ్లు లేనిచోట ఇవి బాగా పెరుగుతాయి.

తలుపు మళ్లీ తెరవాలన్న ఆలోచన దయతో పుట్టలేదు. చాలావరకు కరువుతో పుట్టింది. 1978-79లో కొలంబియా రాజధాని బొగోటాలోని ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరేసి బిడ్డలను పెడుతుంటే అంటువ్యాధులతో పోతున్నారు. ఎడ్గార్ రే, హెక్టర్ మార్టినెస్ అనే ఇద్దరు డాక్టర్లు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఇంటికి పంపడం మొదలుపెట్టారు. కంగారూ పద్ధతి అంటున్నది దాన్నే. 1979లోనే ఎస్టోనియాలోని టాలిన్‌లో నర్సులు దొరక్క డాక్టర్ అదిక్ లెవిన్ తల్లులనే రాత్రింబవళ్లు బిడ్డల దగ్గర ఉంచారు. నర్సు పని చాలావరకు తల్లి చేసింది. బిడ్డలు బాగా కోలుకున్నారు. ఇక కాన్పు సంగతి. 1980లో గ్వాటెమాలా ఆస్పత్రి ఒకదాంట్లో చేసిన పరిశోధనలో, రక్తసంబంధం లేని ఒక మామూలు ఆడమనిషి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంటేనే నొప్పుల వ్యవధి తగ్గింది. తర్వాత ఇలాంటివి ఎన్నో జరిగాయి. 17 దేశాల్లో 15,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2017లో వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ చూస్తే, విడవకుండా తోడున్నవారికి మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ అని తేలింది.

మన దగ్గర ఈ కాలమంతా వేరే పరుగు నడుస్తోంది. ఆడవాళ్లను ఎలాగైనా ఆస్పత్రికి తేవాలి. 2005 ఏప్రిల్‌లో, ఆస్పత్రిలో కనే తల్లికి డబ్బిచ్చే జననీ సురక్షా యోజన వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో పల్లెటూరి పేద తల్లికి కేంద్రం 700 ఇస్తే, సుఖీభవ పేరుతో రాష్ట్రం మరో 300 కలిపి వెయ్యి చేసింది. అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్ నుంచి 108 బండి కదిలింది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానుపోను బండి ఉచితం చేసింది. ఆంధ్రలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, తెలంగాణలో అమ్మ ఒడి బండ్లు తిరిగాయి. 2017 జూన్‌లో హైదరాబాద్ పేట్లబురుజు ఆస్పత్రిలో కేసీఆర్ కిట్ మొదలైంది. బిడ్డ సబ్బు, దోమతెర, తల్లికి చీర, విడతల వారీగా మగబిడ్డ అయితే 12,000, ఆడబిడ్డ అయితే 13,000. ఫలితం కనిపించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సర్కారు ఆస్పత్రి కాన్పులు 30.5 శాతం నుంచి 49.7 శాతానికి ఎక్కాయి. 2018-20 లెక్కల్లో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. అప్పటికి దేశం సగటు 97. ఇది చిన్న విజయం కాదు.

కానీ ఈ పథకాలన్నిటిలో కుటుంబం పాత్ర ఏమిటని చూస్తే, అటెండెంట్. సంతకం పెట్టాలి, రక్తం తేవాలి, ఆధార్ జిరాక్స్ ఇవ్వాలి. కుటుంబానికి నిజంగా మాట చెల్లే చోటు ప్రైవేటు నర్సింగ్ హోమ్. అక్కడ ఏం జరిగిందో కూడా చూశాం. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5 శాతం. పంచాంగం చూసి ముహూర్తం పెట్టి మరీ కోయించుకున్న కాన్పులకు అందులో వాటా ఉంది. ముహూర్తం అడిగేది చాలాసార్లు కడుపుతో ఉన్న పిల్ల కాదు, మామగారో తండ్రో. అందుకే కుటుంబం లోపలికి వస్తే చాలు అంతా బాగుపడుతుందన్న మాట నేను నమ్మను. ఆ పిల్ల ఎవరిని రమ్మంటే వాళ్లు రావాలి. ఆమె వద్దన్న అత్తగారు బయటే ఉండాలి.

దేశంలో ఈ దారిలో ముందు నడిచింది తమిళనాడు. 2004 నుంచే సర్కారు ఆస్పత్రుల్లో కాన్పు తోడును రానిచ్చింది. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు తోడు ఎవరు కావచ్చో చెప్పాయి. తానూ కాన్పు చూసిన ఆడమనిషై ఉండాలి, అంటురోగాలు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, ఆసాంతం ఉండాలి, వైద్యంలో తలదూర్చకూడదు, పక్క బల్ల జోలికి పోకూడదు. ఎవరికి వారికి చాటు ఉన్న ఆస్పత్రుల్లో భర్తను కూడా రానివ్వవచ్చు. 2017 డిసెంబరులో వచ్చిన లక్ష్య కార్యక్రమం ఇదే విషయాన్ని కాన్పు గది నాణ్యత మార్కుల్లో చేర్చింది. మార్కులంటే మనవాళ్లకు కాస్త భయం ఉంటుంది కాబట్టి కొన్నిచోట్ల తెరలు కొన్నారు.

తెర ఒక్కటే సరిపోదని తెలంగాణకు తెలిసొచ్చింది కరీంనగర్‌లో. 2017లో యునిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి సర్కారు ఆస్పత్రుల నుంచి ఎంపిక చేసిన 30 మంది నర్సులకు అక్కడ 18 నెలల మిడ్‌వైఫరీ, అంటే కాన్పు చేయించే పనిలో, శిక్షణ మొదలుపెట్టారు. వాళ్లు నేర్చుకున్నది మందుల కన్నా ఓపిక ఎక్కువ. నొప్పులొచ్చిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టేయకుండా నడిపించడం, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టడం, పక్కకు ఒత్తిగిలి కనాలనుకుంటే కననివ్వడం, వెంట వచ్చిన తల్లికి నడుం ఎక్కడ నొక్కాలో చూపించడం. తోడు మనిషికి చేతినిండా పని చెబితే ఆమె అడ్డం రాదు. దేశవ్యాప్తంగా మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు 2018 డిసెంబరులో వచ్చాయి.

పసిబిడ్డల వైపు మార్పు ఇంకా నెమ్మది. జిల్లా ఆస్పత్రిలో జబ్బుపడ్డ నవజాత శిశువులకు ప్రత్యేక విభాగం 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో మొదలై దేశమంతా పాకింది. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్లు వచ్చాయి, ప్రాణాలు నిలిచాయి, తల్లులు మాత్రం వేళకు వచ్చి పాలు పిండి ఇచ్చిపోయేవాళ్లయ్యారు. ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రిలో డాక్టర్ ఆర్తీ మారియా బృందం దీన్ని మార్చి చూసింది. తల్లికీ, తండ్రికీ, అమ్మమ్మకూ చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి ప్రమాద సూచనలు గుర్తుపట్టడం దాకా నేర్పి లోపలికి రానిచ్చారు. అందరూ భయపడ్డ ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు, తల్లిపాలు తాగే బిడ్డలు పెరిగారు. 2017లో కేంద్రం దీన్ని దేశమంతటికీ మార్గదర్శకంగా పెట్టింది. చప్పరించలేని బిడ్డకు పిండిన పాలు పట్టేందుకు ఆ వార్డుల్లో వాడేది మన ఇళ్లలోని ఉగ్గుగిన్నెనే. దాన్ని ఎలా వంచాలో, బిడ్డ గుటక వేసేదాకా ఎంతసేపు ఆగాలో అమ్మమ్మకు ఎవరూ నేర్పక్కర్లేదు. గిన్నెను మరిగించాలని చెబితే చాలు.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేయించింది. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో, 1.8 కిలోలలోపు బరువున్న మూడు వేల మందికి పైగా బిడ్డల మీద జరిగిందది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి పాల్గొంది. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండెకో, కుటుంబంలో ఇంకో ఆడమనిషి గుండెకో కట్టి ఉంచితే 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి దిగాయి. ఇది చేయాలంటే తల్లి మంచం ప్రసవానంతర వార్డులో ఉంటే కుదరదు, బిడ్డ ఉన్న గదిలోనే ఉండాలి. ఆపరేషన్ అయిన తల్లిని చూసే డాక్టరూ, బిడ్డను చూసే డాక్టరూ ఒకే గదికి రావాలి. రెండు విభాగాలు, రెండు రిజిస్టర్లు, ఇద్దరు ఇన్‌చార్జులు ఉన్న మన పద్ధతిలో మంచం జరపడం కన్నా కష్టమైనది ఇదే.

మాతా శిశు కేంద్రాలకు కొత్త భవనాలు కడుతున్నప్పుడు అడగాల్సింది వార్మర్లు ఎన్ని అని మాత్రమే కాదు, ఒక్కో వార్మర్ పక్కన తల్లి మంచానికి నక్షాలో చోటు వదిలారా అని. ఆక్సిజన్ గొట్టాలూ కరెంటు పాయింట్లూ గోడలో కూర్చున్నాక అక్కడ మంచం ఇరికించడం ఏ సూపరింటెండెంటు వల్లా కాదు.